నేను ఫెయిలైన ల్యాబ్‌లోనే పాఠం చెప్పమంటున్నారు

ఈ ఉత్తరం రాసిన అమ్మాయి హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నారు. సొంతూరు దేవరకొండ దగ్గర. పదో తరగతి దాకా సర్కారు బడిలో తెలుగు మీడియం, ఇంజనీరింగ్ నల్గొండలో. పేరు వేయొద్దన్నారు, వేయడం లేదు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు నా మాటల్లో చెబుతాను.

డెవలపర్ల సదస్సు ఒకటి ఈసారి హైదరాబాద్‌లో ఒక్కచోటే కాకుండా జిల్లాలు తిరగబోతోంది. వరుసగా నాలుగు శనివారాలు నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి. ప్రతి ఊళ్లోనూ ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి నాలుగున్నర దాకా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మీద వర్క్‌షాప్. అరవై మంది విద్యార్థులు, ఎక్కువ మంది మొదటి సంవత్సరం వాళ్లే. నేర్పాల్సింది ఈమె, ఈమె టీమ్ లీడ్. ఆయన్ను ఆఫీసులో అందరిలాగే ఈమె కూడా అన్న అనే పిలుస్తారు. పెద్ద సదస్సుల్లో మాట్లాడిన అనుభవం ఆయనకుంది. ఈమెకు ఇదే మొదటిసారి.

నల్గొండలో వర్క్‌షాప్ జరిగేది ఈమె చదివిన కాలేజీలోనే. మొదటి సంవత్సరంలో సీ ప్రోగ్రామింగ్ ఫెయిలయ్యారు. ఆ బ్యాక్‌లాగ్ సప్లిమెంటరీలో క్లియర్ చేసుకున్నారు. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు. అప్పుడు పాఠం చెప్పిన మేడమే ఇప్పుడు అక్కడ హెచ్‌ఓడీ, అంటే ఆ విభాగానికి పెద్ద. "నన్ను చూడగానే మేడమ్‌కు నా మార్కులే గుర్తొస్తాయేమోనని నిద్ర పట్టడం లేదు" అని రాశారు. వీడియోలు ఇంటర్నెట్‌లో పెడతాం కాబట్టి ఇంగ్లీషులోనే చెప్పాలని నిర్వాహకులు అంటున్నారట. ఆఫీసు మీటింగుల్లోనే ఈమెకు ఇంగ్లీషులో మాట తడబడుతుంది. అన్న 90 స్లైడ్లు తయారుచేశారు. చివరికి ప్రతి విద్యార్థీ సొంతంగా ఒక ఏఐ చాట్‌బాట్ చేయాలన్నది ఆయన పట్టుదల. ఆఫీసులో కొత్తగా చేరిన ట్రైనీలతో ఒకసారి చేసి చూస్తే గంటసేపు ఇన్‌స్టలేషన్‌కే సరిపోయింది, సగం మందికి అప్పటికీ కాలేదు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. "పైసలు ఇయ్యరంట, సెలవు రోజుల్ల ఊర్లు పట్టుకొని తిరుగుడేంది బిడ్డా" అంటోంది అమ్మ.

చివరికి ఈమె అడిగింది ఇది: తప్పుకోవాలా? తప్పుకుంటే అన్నకు ఏమని చెప్పాలి? చేయాలంటే ఎలా తయారవ్వాలి?

నా సమాధానం:

మీ ఉత్తరంలో రెండు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి, వర్క్‌షాప్ ఇంకా సిద్ధంగా లేదన్న ఆందోళన. రెండోది, ఆ ల్యాబ్‌లో మళ్లీ అడుగుపెట్టాలంటే కలిగే భయం. మొదటిదానికి మీ ధైర్యంతో గాని, మీ ఇంగ్లీషుతో గాని సంబంధం లేదు. ఆ 90 స్లైడ్లతో, ఆ చాట్‌బాట్‌తో ఎంత పేరున్నవాళ్లు నల్గొండ వెళ్లినా ట్రైనీల దగ్గర జరిగిందే అక్కడా జరుగుతుంది. కాబట్టి ముందు దాని గురించే మాట్లాడతాను. నేను చాలా ఏళ్లు పాలమూరు జిల్లా కాలేజీల కంప్యూటర్ ల్యాబ్‌లలో పాఠాలు చెప్పాను. ఆ ల్యాబ్‌లు ఎలా ఉంటాయో తెలుసు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

అన్న ఇప్పటిదాకా ఇచ్చినవి ఉపన్యాసాలు. వినేవాళ్లు తమంతట తాము టికెట్ కొనుక్కొని వచ్చినవాళ్లు, సగం విషయం ముందే తెలిసినవాళ్లు. మీరు వెళ్లేచోట కూర్చునే పిల్లల్లో చాలామందిని అటెండెన్స్ ఇస్తామని చెప్పి కూర్చోబెడతారు. కొందరికి కీబోర్డ్ మీద కోలన్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది. వర్క్‌షాప్‌లో మీరు ఎంత చెప్పారన్నది లెక్కలోకి రాదు, లేచి వెళ్లేటప్పటికి వాళ్ల చేత్తో ఏం చేశారన్నదే చూడాలి. అందుకే స్లైడ్లు పక్కన పెట్టి ఒక కాగితం మీద ఒకే వాక్యం రాయండి: "మూడు గంటల తర్వాత ప్రతి ఇద్దరూ కలిసి ఇది చేసి ఉంటారు." నన్నడిగితే పదిహేను లైన్ల ప్రోగ్రామ్ ఒకటి సొంతంగా రాసి, నడిపి, అందులో వచ్చిన ఒక ఎర్రర్‌ను వాళ్లే సరిచేసుకుంటే చాలు. అన్నకు ఇది చాలా చిన్నదిగా అనిపిస్తుంది. మొదటి సంవత్సరం పిల్లలకు అది పెద్ద పనే, మీకు తెలుసు.

ఆ ప్రోగ్రామ్ దేని మీద అంటే, మీ జిల్లాలో వెతుక్కోవాల్సిన పనే లేదు. వడ్ల లెక్క పెట్టండి. కొనుగోలు కేంద్రంలో బస్తాకు 40 కిలోలు తూకం వేస్తారని ఆ క్లాసులో సగం మందికి ఇంట్లోనే తెలుసు. 2025-26 సీజన్‌కు ఏ గ్రేడ్ వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు 2389 రూపాయలు. వంద బస్తాలంటే 40 క్వింటాళ్లు, అంటే 95,560 రూపాయలు. ముందు ఇది మూడు వేరియబుల్స్‌తో, అంటే అంకెలు దాచుకునే మూడు పేర్లతో చేయించండి. తర్వాత "బస్తాకు కిలో తరుగు తీస్తే ఎంత పోతుంది?" అని అడగండి. తేమ, తాలు అంటూ తూకంలో కోసేదే తరుగు. వంద బస్తాల మీద వంద కిలోలు, సరిగ్గా 2389 రూపాయలు. స్క్రీన్ మీద ఆ అంకె కనపడగానే పిల్లలు వాళ్లలో వాళ్లు మాట్లాడుకోవడం మొదలుపెడతారు, రెండు కిలోలైతే ఎంత, రెండు వందల బస్తాలైతే ఎంత అని అంకెలు మారుస్తారు. ప్రతిసారీ మొత్తం మళ్లీ రాయడం విసుగ్గా ఉందని వాళ్లకే అనిపించినప్పుడు ఫంక్షన్ చెప్పండి. ఊళ్లో పది మంది రైతుల బస్తాలు ఒక లిస్టులో ఇచ్చి అందరి లెక్కా ఒకేసారి తీయమన్నప్పుడు లూప్ చెప్పండి. ఏది ఎందుకు అవసరమో వాళ్లకు ముందు తెలియాలి, పేరు ఆ తర్వాత తెలిసినా నష్టం లేదు. మీకు సీ ఎందుకు ఎక్కలేదో ఒకసారి గుర్తుచేసుకోండి. చాలా క్లాసుల్లో పేరు ముందు వచ్చేస్తుంది, అవసరం ఎప్పటికీ రాదు.

సూర్యాపేటకూ ఈ లెక్క సరిపోతుంది. మహబూబ్‌నగర్, వనపర్తిలో వడ్లతో పాటు పల్లికాయ కూడా కలపండి. పట్నంలో పుట్టి పెరిగిన పిల్లలకు తరుగు అంటే తెలియకపోవచ్చు, పక్కన కూర్చున్నవాళ్లనే చెప్పమనండి.

త్వరగా ముగించేసి ఖాళీగా కూర్చునే నలుగురైదుగురు ప్రతిచోటా ఉంటారు. వాళ్ల కోసం ఒక పని జేబులో పెట్టుకోండి. నల్గొండ అని తెలుగులో రాసి దాని పొడవు ఎంతో పైథాన్‌ను అడగమనండి. కంటికి మూడు అక్షరాలే కనపడతాయి, పైథాన్ మాత్రం 7 అంటుంది. న, ల, పొల్లు, గ, ఒత్వం, సున్న, డ. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్‌లో నంబర్లిచ్చే యూనికోడ్ ఒక్కొక్క గుర్తునూ విడిగా లెక్కపెడుతుంది. అలాగైతే తెలుగు పేర్లలో అక్షరాలను మనం లెక్కపెట్టినట్టు లెక్కపెట్టాలంటే ఏం చేయాలి అని వదిలేస్తే వాళ్లకు ఇంటిదాకా పని దొరుకుతుంది.

ఇక ల్యాబ్. మీ ట్రైనీల దగ్గర కొత్త ల్యాప్‌టాప్‌లు, మంచి నెట్ ఉండి కూడా గంట పట్టింది. కాలేజీ ల్యాబ్‌లో అరవై మంది ఒకేసారి డౌన్‌లోడ్ నొక్కితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఆ రోజు ఇన్‌స్టలేషన్ అన్న మాటే రాకూడదు. వారం ముందు ల్యాబ్ అసిస్టెంట్‌కు ఫోన్ చేయండి. హెచ్‌ఓడీకి కూడా చెప్పాలి గాని, ఏ సిస్టమ్ ఎప్పుడు ఆన్ కాదో, అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో, ఏ వరుసకు యూపీఎస్ పనిచేయదో ల్యాబ్ అసిస్టెంట్‌కే తెలుస్తుంది. విండోస్ ఏ వెర్షనో కచ్చితంగా అడగండి. ఎక్కడైనా ఇంకా విండోస్ 7 ఉంటే దాని మీద పైథాన్ 3.8 వరకే ఎక్కుతుంది, 3.9 నుంచి ఎక్కదు. అన్న కోడ్‌లో 3.10లో వచ్చిన కొత్త పద్ధతులు వాడి ఉంటే అవి అక్కడ నడవవు. విండోస్ 10లో పైథాన్ లేకుండా కమాండ్ ప్రాంప్ట్‌లో పైథాన్ అని కొడితే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది, పిల్లలు అదే ఇన్‌స్టలేషన్ అనుకొని అక్కడే ఆగిపోతారు. ఇన్‌స్టలర్‌ను పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, లేదా ముందే పంపించి, పాత్‌లో చేర్చే టిక్ (పైథాన్ ఎక్కడుందో విండోస్‌కు తెలిసేలా చేసేది) మర్చిపోకుండా పెట్టమని చెప్పండి. ఎడిటర్‌గా ఐడిల్ చాలు. అది పైథాన్‌తో పాటే వస్తుంది, వేరే ఏదీ ఎక్కించక్కర్లేదు.

"అన్నీ బ్రౌజర్‌లోనే చేద్దాం, గూగుల్ కోల్యాబ్ ఉంది కదా" అని అన్న అనొచ్చు. అది మంచి దారే, ఇన్‌స్టలేషన్ బాధ తప్పుతుంది. కాకపోతే దానికి గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అవ్వాలి. పిల్లలకు అకౌంట్ ఫోన్‌లో ఉంటుంది, పాస్‌వర్డ్ గుర్తుండదు. లాగిన్‌ను ఫోన్‌లో ఒప్పుకోమని అడుగుతుంది, చాలా కాలేజీల్లో ఫోన్లు ల్యాబ్ బయటే పెట్టిస్తారు. కోల్యాబ్‌కే వెళ్లాలనుకుంటే ఆ ఒక్కరోజు ఫోన్లు లోపలికి రానివ్వమని ముందే మాట తీసుకోండి. ఇంకో చిక్కు కూడా ఉంది. అన్న ప్లాన్‌లో గిట్‌హబ్ (కోడ్ దాచుకునే వెబ్‌సైట్) ఏపీఐ నుంచి, అంటే ప్రోగ్రామ్‌లు నేరుగా అడిగే దారిలో, డేటా తెచ్చే భాగం ఉందని రాశారు. లాగిన్ లేకుండా అడిగితే గిట్‌హబ్ ఒక ఐపీ అడ్రస్‌కు (ఇంటర్నెట్‌లో చిరునామా లాంటిది) గంటకు 60 సార్లే జవాబిస్తుంది. మామూలుగా ల్యాబ్ మొత్తం బయటికి ఒకే ఐపీతో వెళ్తుంది. అరవై మంది తలా ఒకసారి నొక్కితే గంటకు సరిపడా కోటా అయిపోయినట్టే. రెండోసారి నొక్కిన ప్రతి పిల్లా, పిల్లవాడూ తన కోడే తప్పనుకుంటారు. ఆ డేటా ఫైలును పెన్‌డ్రైవ్‌లోనే ఇచ్చేయండి.

కరెంటు గురించి. పోతే టెన్షన్ పడకుండా ఉండాలంటే కాగితం మీద చేసే పని ఒకటి దగ్గరుండాలి. వడ్ల ప్రోగ్రామ్ లైన్లను తారుమారు చేసి ప్రింట్ తీసి, కత్తిరించి, ఇద్దరికి ఒక కవర్ ఇవ్వండి. సరైన వరుసలో పేర్చాలి. న్యూజిలాండ్‌లో ఒటాగో పాలిటెక్నిక్‌కు చెందిన డేల్ పార్సన్స్, ప్యాట్రిషియా హేడెన్ అనే ఇద్దరు 2006లో ఈ పద్ధతి గురించి రాశారు, అందుకే వీటిని పార్సన్స్ ప్రాబ్లమ్స్ అంటారు. టైపింగ్ తప్పులు, కోలన్ తప్పులు ఏవీ అడ్డు రావు కాబట్టి పిల్లలు ఆలోచన మీదే ఉంటారు. నిజానికి కరెంటు ఉన్నా ఇది చేయించమంటాను. కీబోర్డ్ అంటే జంకే పిల్లలు మొదటిసారి నోరు విప్పేది ఇలాంటి చోటే.

అరవై మందికి మీరిద్దరు చాలరు. అమ్మాయిలకు ప్రోగ్రామింగ్ నేర్పడానికి 2014లో బెర్లిన్‌లో మొదలైన జాంగో గర్ల్స్ వర్క్‌షాపుల్లో ముగ్గురికి ఒక కోచ్ చొప్పున పెడతారు. మనకు అంత దొరకదు. ప్రతి కాలేజీలో ఫైనలియర్ పిల్లలను ఆరేడుగురిని అడగండి, సగం మందైనా అమ్మాయిలు ఉండేలా చూసుకోండి. ముందురోజు రాత్రి వాళ్లతో గంటసేపు ఆన్‌లైన్‌లో మొత్తం చేయించండి. వాళ్లకు ఒకటే కండిషన్ పెట్టండి: ఎవరి కీబోర్డూ ముట్టుకోకూడదు. వేలితో చూపించొచ్చు, నోటితో చెప్పొచ్చు, టైప్ మాత్రం నేర్చుకునేవాళ్లే చేయాలి. పరిశోధకులకు ప్రోగ్రామింగ్ నేర్పడానికి 1998లో మొదలైన సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ వర్క్‌షాపుల్లో రెండు రంగుల చీటీలు పంచుతారు. పని అయిపోతే ఒక రంగు, ఆగిపోతే ఇంకో రంగు మానిటర్‌కు అంటిస్తారు. మన పిల్లలకు ఇది మరీ అవసరం. "అర్థమైందా?" అని అడిగితే అరవై మందీ అయిందనే అంటారు. చెయ్యెత్తి "నాకు రాలేదు" అనడం ఎంత కష్టమో మీకు చెప్పాల్సిన పని లేదు.

ఒక కంప్యూటర్‌కు ఇద్దరిని కూర్చోబెట్టి పావుగంటకొకసారి కీబోర్డ్ మార్పించండి. స్లైడ్లకు బదులు మీరే అందరి ముందు టైప్ చేయండి, నెమ్మదిగా, ఏం కొడుతున్నారో పైకి చెబుతూ. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ ఆ ప్రొజెక్టర్ల మీద కనపడదు, తెల్లదే పెట్టండి. వెనక బెంచీలో కూర్చొని ఒకసారి మీరే చూడండి. స్క్రీన్ కింది సగం ముందువాళ్ల తలల వెనక పోతుంది, అందుకని కోడ్ ఎప్పుడూ పై సగంలోనే ఉండాలి. ఎర్రర్ వస్తే కంగారుపడి చెరిపేయకండి. ముందు చివరి లైన్ చదవాలని చూపించండి. పైథాన్ అసలు తప్పేంటో ఆ లైన్‌లోనే చెబుతుంది. పిల్లలు పై నుంచి చదవడం మొదలుపెట్టి రెండో లైన్‌లోనే వదిలేస్తారు.

టైమ్ మార్పించండి. ఇది నిర్వాహకులతో ఈ వారమే మాట్లాడాలి. నాలుగు దాటితే కాలేజీ బస్సులు కదులుతాయి. నాలుగున్నర దాకా వర్క్‌షాప్ అంటే మూడున్నరకే అమ్మాయిలు బ్యాగులు సర్దుకుంటారు, ఊళ్లకు పోయే పల్లెవెలుగు దొరకదని. వర్క్‌షాప్‌లో అసలు పని జరగాల్సిన ఆఖరి గంట వాళ్లకు పోతుంది. పొద్దున తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర అయితే అందరూ ఉంటారు. వరుసగా నాలుగు శనివారాలంటే అందులో ఒక రెండో శనివారం పడే అవకాశం ఎక్కువ, ఆ రోజు కాలేజీ సెలవు, బస్సులు తిరగవు. క్యాలెండర్ చూసి ఆ ఊరి తేదీ మార్చమనండి.

ఇప్పుడు అన్న సంగతి. ఆయన మీ టీమ్ లీడ్. రేపు మీ రేటింగ్ రాసేది కూడా ఆయనే కాబట్టి మీరు వెనకాడటం సహజం. ఉత్తరం చదివితే ఆయన చెడ్డవాడనిపించలేదు. పిల్లలకు గొప్పది ఏదో ఇవ్వాలనే తపన ఉంది, ఆ గది ఎలా ఉంటుందో తెలియదు అంతే. మీ ముందు మూడు దారులున్నాయి. ఆయన ప్లాన్‌కే ఒప్పుకొని నల్గొండలో ఏం జరుగుతుందో ఆయన్నే చూడనివ్వడం ఒకటి. గొడవ ఉండదు, సూర్యాపేటకల్లా ఆయనే మారతారు. అయితే దానికి మూల్యం నల్గొండలోని అరవై మంది చెల్లిస్తారు, ప్రోగ్రామింగ్ మాకు రాదని వాళ్లు ఆ రోజే తేల్చేసుకోవచ్చు. నాకు ఈ దారి ఇష్టం లేదు. రెండోది, గదిని రెండుగా విడగొట్టి మొదటి సంవత్సరం వాళ్లను మీరు, ఫైనలియర్ వాళ్లను ఆయన తీసుకోవడం. రెండు ల్యాబ్‌లు, రెండింతల మంది సహాయకులు కావాలి. అవి దొరికితే ఇద్దరికీ తృప్తిగా ఉంటుంది. మూడోది, మొదటి రెండున్నర గంటలు వడ్ల లెక్క, చివరి అరగంట అన్న తన ల్యాప్‌టాప్‌లో చాట్‌బాట్‌ను చేసి చూపించడం. పిల్లలు చూస్తారు, ప్రశ్నలడుగుతారు. అరవై మందికి ఏపీఐ కీలు, కార్డులు, అకౌంట్ల గొడవ ఉండదు. ఆయన కోడ్‌లో కూడా లిస్టూ, లూపూ, ఫంక్షనూ కనపడతాయి. ఇందాక మనం రాసినవే కదా అని పిల్లలు గుర్తుపడితే ఆ అరగంటకు ఫలితం దక్కినట్టే. నేనైతే దీనికే మొగ్గుతాను.

ఏది ఎంచుకున్నా "90 స్లైడ్లు ఎక్కువన్నా" అని మొదలుపెట్టకండి. నిమిషాలతో సహా ఒక పేజీ ప్లాన్ రాసుకెళ్లి, ట్రైనీల దగ్గర దేనికి ఎంత టైమ్ పట్టిందో పక్కనే రాసి చూపించండి. ఆ రోజు ఆయనా అక్కడే ఉన్నారు కదా, కాదనలేరు. ఇంకో ముగ్గురు నలుగురు కొత్తవాళ్లతో, వీలైతే ప్రోగ్రామింగ్ అసలు రానివాళ్లతో, మీ ప్లాన్‌ను ఒకసారి నడిపి చూద్దామని అడగండి. మీకు రెండు నిమిషాలు పట్టే పని వాళ్లకు పది పట్టడం ఆయనే చూస్తారు.

ఇంగ్లీషు. నిర్వాహకులకు కావాల్సింది వీడియో. దానికోసం గదిలో ఉన్న అరవై మందిని వదులుకోవాలా అన్నది వాళ్లను మర్యాదగా అడగాల్సిన ప్రశ్నే. కోడ్, స్లైడ్లు ఇంగ్లీషులో ఉంచి మాట తెలుగులో చెబుతానని, కావాలంటే పది నిమిషాల ఇంగ్లీషు వీడియో వేరుగా రికార్డు చేసి ఇస్తానని చెప్పండి. ఆ పది నిమిషాలు ఇంట్లో ఎన్నిసార్లయినా తీసుకోవచ్చు, తడబాటు సమస్య ఉండదు. ఒప్పుకోకపోతే అన్న ఇంగ్లీషులో చెబుతుంటే మీరు టైప్ చేస్తూ తెలుగులో వివరించొచ్చు. అది కాస్త సాగుతుంది, దానికి తగ్గట్టు పాఠం ఇంకొంచెం తగ్గించాల్సి వస్తుంది. తెలుగులో చెప్పినంత మాత్రాన అన్నీ తేలికైపోతాయని కూడా అనుకోకండి. లూప్‌ను లూప్ అనే అనాలి, ఎర్రర్ మెసేజ్ ఇంగ్లీషులోనే వస్తుంది, దాన్ని చదవడం అలవాటు చేయాలి. మహబూబ్‌నగర్‌లో ఉర్దూ ఇంట్లో మాట్లాడే పిల్లలు ఉంటారు, గద్వాల వైపు నుంచి కన్నడ మాట్లాడేవాళ్లూ రావొచ్చు. మొదలుపెట్టేటప్పుడే ఎవరికి ఏ భాష వీలుగా ఉంటుందో అడిగితే సహాయకులను దాన్నిబట్టి నిలబెట్టుకోవచ్చు.

మేడమ్ గురించి మీరు పడుతున్న బాధ నాకు అర్థమైంది. ఇన్నేళ్లలో ఎన్నో వందల మంది జవాబు పత్రాలు దిద్దిన మనిషికి మీ మార్కులు గుర్తుండకపోవచ్చు. గుర్తున్నా, ఫెయిలైన విద్యార్థి అదే సబ్జెక్టు చెప్పడానికి తిరిగి వస్తే లెక్చరర్లకు కలిగేది సంతోషమే, ఆ వృత్తిలో ఉన్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. అయినా ఆ గదిలోకి ఒక్కసారిగా వెళ్లి ఎదురుపడకండి. వారం ముందే మేడమ్‌కు ఫోన్ చేసి, మీరెవరో చెప్పి, ల్యాబ్ గురించి, పిల్లలకు ఇప్పటిదాకా ఏం చెప్పారన్న దాని గురించి అడగండి. సీ అయిందా, ఎక్కడ ఆగిపోతున్నారు అని. ఆ వివరాలు మీకు ఎలాగూ కావాలి. మీరు భయపడే మాట ఏదైనా ఉంటే అది ఫోన్‌లోనే వచ్చి పోతుంది.

బ్యాక్‌లాగ్ సంగతి పిల్లలకు చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. చెప్పకపోతే మీరేదో దాచినట్టు కాదు. చెబితే ఆఫీసుకు చేరుతుంది, వీడియోలో ఉంటుంది, దానికి సిద్ధపడే చెప్పండి. వేదిక మీద కథలా చెబితే పిల్లలు చప్పట్లు కొట్టి మర్చిపోతారు. ఎర్రర్ చీటీ అంటించుకొని తల దించుకున్న అమ్మాయి పక్కన కూర్చొని, నాకూ ఇదే ల్యాబ్‌లో సీ పాఠంలోని పాయింటర్స్ ఎక్కలేదు, ఇలా ఒక్కొక్క లైన్ కాగితం మీద గీసుకుంటే వచ్చింది అని చెబితే ఆమెకు పనికొస్తుంది. ఫెయిలైన సంగతి కంటే ఎలా పాసయ్యారన్నది ఎక్కువ చెప్పండి.

అమ్మకు నాలుగు తేదీలూ ముందే చెప్పి, ఆదివారాలు ఇంట్లోనే ఉంటానని మాటివ్వండి. డబ్బు రాదన్నది నిజమే, దాన్ని దాచి ఇంకేదో చెప్పొద్దు. ప్రయాణం, బస, భోజనం ఖర్చు మాత్రం నిర్వాహకులను అడిగి తీసుకోవాలి, ఇందులో మొహమాటం వద్దు. నల్గొండ నుంచి రాత్రికి ఊరెళ్లొచ్చు. వనపర్తికి మాత్రం ముందురోజే చేరాలి, ఎక్కడ దింపుతున్నారో కనుక్కొని నచ్చకపోతే మార్చమనండి.

నాలుగు ఊళ్లు తిరగడం అలసటే, కానీ ఒకే పాఠాన్ని నాలుగుసార్లు చెప్పే అవకాశం మామూలుగా దొరకదు. ప్రతి ఊరు నుంచి తిరిగొచ్చే బస్సులోనే ఎక్కడ ఎక్కువ ఎర్రర్ చీటీలు లేచాయో రాసుకోండి, పడుకుంటే మర్చిపోతారు. తర్వాతి ఊరికి ఆ ఒక్కచోటు మార్చండి, మొత్తం తిరగరాయకండి. సంచిలో ఎక్స్‌టెన్షన్ బోర్డులు, పాత ప్రొజెక్టర్ కోసం హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే కనెక్టర్, పెన్‌డ్రైవ్‌లు, చీటీలు, కాగితాల కవర్లు, వేరే వేరే కంపెనీల సిమ్‌లతో రెండు హాట్‌స్పాట్‌లు ఉండాలి. మైక్ అడగండి, మూడు గంటలు గొంతు నిలవదు.

తప్పుకోవాలా అన్నారు. తప్పుకోవడం కూడా ఒక దారే, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. చేస్తే మాత్రం పోస్టర్లు వేయకముందే చేయండి. అన్నకు "నాకు ఇంగ్లీషు రాదు" లాంటి కారణాలు చెప్పకండి, అది ఆఫీసులో మీ వెంటే తిరుగుతుంది. ఈ ప్లాన్‌తో పిల్లలకు న్యాయం జరగదని అనిపిస్తోంది, అందుకని ముందు నిలబడలేను అని సూటిగా చెప్పండి. పూర్తిగా తప్పుకోవడానికి, నాలుగు చోట్లా ముందు నిలబడటానికి మధ్యలో ఇంకో దారి ఉంది. నల్గొండలో అన్న ముందుంటే మీరు సహాయకులను నడిపించండి, సూర్యాపేట నుంచి మీరు ముందుకు రండి. మీ కాలేజీలో మొదటిసారి మాట్లాడాల్సిన ఒత్తిడి తప్పుతుంది. నష్టమల్లా ఒక్కటే, మీ సొంత కాలేజీ పిల్లలు మిమ్మల్ని ముందు నిలబడి చెబుతుండగా చూడరు. లేదంటే నల్గొండ తేదీని నాలుగోదిగా మార్చమని అడగొచ్చు, ఎలాగూ రెండో శనివారం కోసం తేదీలు కదపాల్సి వస్తుంది కాబట్టి ఆ మాటలోనే ఇదీ తేలిపోతుంది. అప్పటికి మూడు ఊళ్ల అనుభవంతో వెళ్తారు.

ముందు ట్రైనీల రోజు లెక్క రాసుకొని అన్నతో కూర్చోండి. ఆయన ఏమంటారో చూశాకే ఉండాలా, తప్పుకోవాలా అన్నది ఆలోచించండి.